పిడికెడు బియ్యం, ఒక పేరు

మా ఇంట్లో అన్నం వండబోతున్నారని పొయ్యి వెలగకముందే తెలిసిపోయేది. ఒక రేకు డబ్బా ఉండేది. దాని మూత బిగుసుకుపోయి చేత్తో వచ్చేది కాదు, అమ్మ చెంచా కాడతో ఎత్తేది. టక్కుమని ఒక చప్పుడు. వెనకే గింజలు జారే చప్పుడు. ఆ తర్వాత కాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఆ కాసేపట్లో అమ్మ ప్రార్థన చేసుకునేది.

ఆ పద్ధతి తెలియనివాళ్ళకు చెప్తాను. వండే గిన్నెలోకి బియ్యం కొలిచాక, కడగకముందు, అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీయాలి. తీసి డబ్బాలో వేస్తూ ఒక మనిషి పేరు మనసులో అనుకోవాలి. ఒక్క పేరే. కష్టంలో ఉన్నవాళ్ళది కావచ్చు, మనతో పోట్లాడినవాళ్ళది కావచ్చు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డ సంచిలో పోసుకుని చర్చికి తీసుకెళ్ళాలి. అక్కడ అందరి బియ్యమూ ఒక గోనెసంచిలో చేరి, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్ళకు వెళ్తుంది. "మిగిలింది ఇచ్చుడు గొప్ప కాదు బిడ్డా, వండుకునే దాంట్లకెళ్ళి తియ్యాలె" అనేది అమ్మ. ఇవాళ ఎవరి పేరు అనుకున్నావని అడిగితే మాత్రం చెప్పేది కాదు. "గింజలకు ఎరుకే, పో" అని నవ్వి గిన్నె కడగడానికి లేచేది. అందులో నా పేరు ఎన్నిసార్లు పడిందో నాకు ఎప్పటికీ తెలియదు.

అమ్మకు చదువు రాదు. బైబిలు వాక్యం ఎవరైనా చదివితే వినేది. పాటలు చెవితో నేర్చుకుని, మాటలు గుర్తురాని చోట రాగం తీసి సరిపెట్టేది. ఆమె భక్తి అంతా ఆ డబ్బాలోనే ఉండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. మా చిన్నప్పుడు ఎవరూ మమ్మల్ని కూర్చోబెట్టి దేవుణ్ణి గురించి చెప్పలేదు. పక్కగదిలో పడుకుని ఆ చప్పుడు వినేవాళ్ళం, అంతే. వింటూ వింటూ ఎప్పుడో నమ్మేశాం.

ఇప్పుడా డబ్బా చిక్కడపల్లిలో, కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో, మేడ మీది నా రెండు గదుల పోర్షన్లో ఉంది. నారాయణగూడలో ఒక బడిలో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నా భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. చర్చిలో ఏళ్ళ తరబడి సండే స్కూలు నడిపాను. నా దగ్గర కథలు విన్న పిల్లలు ఇప్పుడు బట్టతలలేసుకుని వచ్చి "వందనాలు టీచర్" అంటుంటే నాకు గర్వంగానే ఉంటుంది. కానీ గర్వపడి ఇంటికొచ్చి తాళం తీశాక, అందరి పిల్లలకూ విశ్వాసం ఇచ్చావు సరే, నీ ఇంటివాళ్ళల్లో ఎవరికిచ్చావు అని ఎవరో అడిగినట్టుండేది. అడిగేది నేనే.

కింద ఇంటి ఓనరమ్మ ఉంటుంది. వాళ్ళ తాతల కాలం నుంచీ చిక్కడపల్లే. శనివారం ఆమెకు గుడి, ఆదివారం నాకు చర్చి. ఆమె పులిహోర మెట్లెక్కి వస్తుంది, నా క్రిస్మస్ కేకు మెట్లు దిగి వెళ్తుంది. ఆదివారం పొద్దున నేను సంచి పట్టుకుని దిగుతుంటే ఆమె ముగ్గు దగ్గర నుంచే మొదలుపెడుతుంది. "ఉరుకుండ్రి టీచరమ్మా, మీ దేవుడు బియ్యానికి లైన్ల నిలబడ్డడేమో!"

"మీ దేవునికి లడ్డూలు గావాలె, మా దేవునికి బియ్యమన్న వద్దా?" అంటాను నేను.

ఇద్దరం నవ్వుకుంటాం. వయసు మళ్ళాక ఇలాంటి మాటల మీదే రోజు గడుస్తుంది.

తెల్లవారుజామున నాకు సగం మెలకువ వస్తుంది. గుడి మైకులో శ్లోకాలు మొదలవుతాయి. ముషీరాబాద్ దిక్కు నుంచి మసీదు అజా గాలికి తేలుతూ వచ్చి పోతుంది. మార్కెట్లో ఆటో ట్రాలీలు కూరగాయల మూటలు దించుతుంటాయి, ఎవరో ఎవరినో అన్నా అని పిలుస్తుంటారు. ఆ నిద్రకూ మెలకువకూ మధ్య నేనెక్కడున్నానో నాకే తెలియదు. ఊళ్ళో ఉన్నానేమో అనుకుంటాను. ఇంకాసేపట్లో చెంచా చప్పుడు వస్తుందని ఎదురుచూస్తాను. అది రాదు, ఎందుకంటే ఆ చప్పుడు చేయాల్సింది ఇప్పుడు నేనే. లేచి ముఖం కడుక్కుంటాను.

చర్చిలో ఇప్పుడు బియ్యం తెచ్చేవాళ్ళం కొద్దిమందిమే, అందరమూ తల నెరిసినవాళ్ళమే. చిన్నవాళ్ళు ఫోన్లో కానుక పంపేస్తారు. అది తప్పని అనను. కానీ ఆ గోనెసంచి ఏటికేడు చిక్కిపోతుంటే నాకు దిగులేసేది. నా తర్వాత ఈ మూత ఎవరు తీస్తారు? అమ్మ నా చేతిలో పెట్టింది నా దగ్గరే ఆగిపోతే, రేపు పరలోకంలో ఆమె ఎదురుపడితే ఏం చెప్పాలి? నవ్వకండి, ఆమె నిజంగానే ఎదురుపడుతుందనే నమ్ముతాను.

అలాంటి రోజుల్లో మా తమ్ముడి కూతురు సర్కారు ఉద్యోగం పరీక్షలకు చదవడానికి అశోక్‌నగర్ వచ్చింది. తమ్ముడు నల్గొండ దిక్కు మా ఊళ్ళోనే వ్యవసాయం చేస్తాడు. పేరుకు విశ్వాసి. ప్రార్థనకు కూర్చుంటే మాత్రం ఆమెన్ కంటే ముందే కునుకు వస్తుంది. "పిల్ల నీ దగ్గరనే ఉంటదక్కా" అన్నాడు ఫోన్లో. నేను అల్మరా ఖాళీ చేశాను, కిటికీ దగ్గరికి మంచం జరిపాను. దేవుడు నా ప్రశ్నకు జవాబు పంపాడనే అనుకున్నాను.

పిల్ల బ్యాగు దించిన రోజే చెప్పేసింది. "అత్తమ్మ, నీ దగ్గరుంటే నువ్వు ముద్ద కలిపి నోట్ల పెడ్తవ్, నేను తిని పండుకుంట. హాస్టల్ల ఉంట. ఆదివారం ఆదివారం వస్త."

నాకు కోపం వచ్చింది. కానీ ఏమనను? ముద్ద కలిపి పెట్టే ఆలోచన నాకు ఉన్నమాట నిజమే.

అశోక్‌నగర్ మా ఇంటికి నడిచే దూరమే, కానీ అక్కడ అడుగుపెడితే వేరే లోకంలా ఉంటుంది. ప్రతి గోడకూ కోచింగ్ పోస్టర్లు, ప్రతి మేడ మీదా హాస్టలు, ప్రతి సెల్లారులో రీడింగ్ రూము. జిరాక్స్ షాపుల ముందు, టిఫిన్ బండ్ల పక్కన, చెట్ల కింద, ఎక్కడ చూసినా పుస్తకం పట్టుకుని పెదాలు కదిపే పిల్లలే. మొదటిసారి చూసినప్పుడు వాళ్ళంతా ప్రార్థన చేస్తున్నారని భ్రమపడ్డాను. దగ్గరికెళ్ళి వింటే రాజ్యాంగం అధికరణలు.

ఆదివారం మా మేనకోడలు నేరుగా చర్చికి వచ్చేది. నా పక్కన కూర్చుని, నేను పాటలో శ్రుతి తప్పితే మోచేత్తో పొడిచేది. ఆరాధన అయ్యాక నారాయణగూడ ఫ్లైఓవర్ కింద నుంచి ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి వచ్చేవాళ్ళం. తిన్నాక ఆమె తలకు నూనె పెట్టించుకుని కిటికీ దగ్గరి మంచం మీద పడుకునేది. మధ్యాహ్నపు ఎండ పరదాలోంచి వడకట్టినట్టు లోపలికి వచ్చేది. ఫ్యాను తిరుగుతుంటే ఆ వెలుగు ఆమె మొహం మీద మెల్లగా కదిలేది. నేను కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండేదాన్ని. అమ్మ ముక్కే ఈ పిల్లది. ఆ మధ్యాహ్నాల్లో నాకు కాలం ఎటు నడుస్తోందో తెలిసేది కాదు. పడుకున్నది అమ్మ, చూస్తున్నది నేను అనుకునేదాన్ని. కాసేపటికి పడుకున్నది నేను, చూస్తున్నది అమ్మ అయ్యేది.

ఒక ఆదివారం ఆమెకో చిన్న స్టీలు డబ్బా కొనిచ్చాను. పిడికెడు బియ్యం సంగతి, పేరు సంగతి, నాయనమ్మ సంగతి అంతా చెప్పాను. సండే స్కూల్లో కూడా అంత బాగా ఎప్పుడూ చెప్పి ఉండను. పిల్ల అంతా శ్రద్ధగా విని పకపకా నవ్వింది.

"హాస్టల్ల అన్నం వాళ్ళే వండుతరు అత్తమ్మ. నేను పిడికెడు ఎక్కడికెళ్ళి తియ్యాలె? వంటమనిషి చెయ్యి పట్టుకోవాల్నా?"

ఇన్నేళ్ళు పద్ధతి పట్టుకుని వేలాడానే గానీ, వంట చేయనివాళ్ళు ఈ పద్ధతి ఎలా పాటించాలో నాకెప్పుడూ తట్టలేదు. డబ్బా మాత్రం తీసుకెళ్ళింది. అందులో పల్లీలు పోసుకుందని తర్వాత తెలిసింది.

తొలి పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆమె తప్పింది. కొద్ది మార్కుల్లో తప్పింది. ఆ ఆదివారం చర్చిలో పాట పాడలేదు, నన్ను పొడవలేదు. సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే వెనకే వచ్చి పిట్టగోడకు ఆనుకుని నిలబడింది. ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది. క్రాస్‌రోడ్స్ దిక్కు సినిమా హాళ్ళ దగ్గర బండ్ల హారన్లు దూరంగా వినిపిస్తున్నాయి.

"అత్తమ్మ, ఒకటి చెప్తే పరేషాన్ గావు గద?"

"చెప్పు బిడ్డా."

"ప్రార్థన చేద్దామంటే మాట వస్తలేదు. కండ్లు మూసుకుంట. మూసుకుంటే ఎవరితోని మాట్లాడుతున్ననో తెలుస్తలేదు. ఎదురుంగ ఎవ్వలు లేనట్టనిపిస్తది." పిట్టగోడ పెచ్చు గోటితో గీకింది. "పరీక్ష పోయినందుకు కాదు. అంతకు ముందుకెళ్ళే గట్లున్నది. చర్చికి నీ కోసమే వస్తున్న."

నేను పరేషాన్ కాలేదన్నట్టు చీర మడతపెట్టాను.  ఏదో చెప్పాను. ఎవరికైనా అలా అవుతుందని, ఎండాకాలంలో బావి ఎండినంత మాత్రాన నీళ్ళు లేనట్టు కాదని. పిల్ల తలూపింది. ఆమె అడిగింది బావి గురించి కాదని నాకు తెలుసు. వినమని అడిగింది. నేనేమో అప్పటికే ఏం చేయాలా అని ఆలోచనలో పడ్డాను.

గురువారం మా చర్చి స్త్రీల సమాజం కూడింది. ఎవరో ఒకరి ఇంట్లో కూడతాం. పాటలు, వాక్యం, ఆ తర్వాత ప్రార్థన మనవులు. అంటే ఎవరికేం కావాలో ఒక్కొక్కరూ చెప్తారు, అందరూ కలిసి దాని కోసం ప్రార్థిస్తారు. ఒకామెకు మోకాళ్ళు, ఒకామెకు అల్లుడి తాగుడు, ఒకామెకు కిరాయి ఇంట్లో నీళ్ళ తగాదా. మాకక్కడ దాపరికం లేదు. నా భర్త ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వీళ్ళంతా నా పేరు మోకాళ్ళ మీద మోశారు. కాబట్టి నా వంతు వచ్చినప్పుడు నేను దాచలేదు. నా మేనకోడలి విశ్వాసం చల్లబడుతోందని, ఆ పిల్లకు ప్రార్థన చేయాలనిపించడం లేదని, కంటనీరు పెట్టుకుని మరీ చెప్పాను. వాళ్ళూ పెట్టుకున్నారు. ఎంత బాగా ప్రార్థించారని! ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

ఆదివారం ఆరాధన అయి బయటికొస్తే చర్చి మెట్ల మీద మా సమాజం అక్కలు నిలబడి ఉన్నారు. ఒకామె పిల్ల రెండు చేతులూ పట్టుకుని "నీ కోసం ఉపవాసమున్న బిడ్డా" అంది. ఇంకొకామె తల నిమిరింది. మా సమాజంలో గొంతు పెద్దదైన ఆవిడ ఒకరున్నారు, మైకు అవసరం లేదు. ఆవిడ మెట్టు దిగి వచ్చి, "ప్రార్థన చెయ్యబుద్ధి అయితలేదంట గద తల్లీ? పరీక్ష పోతే ప్రభువు మీద అలుగుతరా?" అని అడిగింది. ప్రేమతోనే అడిగింది. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటున్న వాళ్ళు కూడా తలెత్తి చూశారు.

పిల్ల నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న తెలియని మనిషిని చూసినట్టు చూసింది. "జర పనున్నది అత్తమ్మ" అని గేటు దాటి వెళ్ళిపోయింది. ఇంట్లో నాటుకోడి కూర వండి పెట్టి వచ్చాను. ఒక్కదాన్నే ఏం తింటాను, ఓనరమ్మ శాకాహారి.

నాకైతే మొదట పిల్ల మీదే కోపం వచ్చింది. నేనేం ఊరంతా టముకు వేశానా? దేవుడి ముందు చెప్పుకున్నాను. అక్కలు తిట్టారా, కొట్టారా? దాని కోసం అన్నం మానేసి మోకరించారు! ఈ కాలం పిల్లలకు అన్నీ రహస్యాలే. మనసుకు దెబ్బ తగిలితే చాలు, ఫోన్ ఎత్తరు. ఇలా గొణుక్కుంటూ గిన్నెలు తోమాను, పరదాలు ఉతికాను, అల్మరా మళ్ళీ సర్దాను. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతదీ రాలేదు. ఫోన్ చేస్తే "చదువుకుంటున్న అత్తమ్మ" అని రెండు ముక్కలు. కిటికీ దగ్గరి మంచం మీద ఎండ వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం ఆగలేక, పులుసు అన్నం బాక్సులో పెట్టుకుని అశోక్‌నగర్ వెళ్ళాను. హాస్టలు గేటు దగ్గర నిలబడి కబురు పంపాను. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని దిగింది. చిక్కిపోయింది. గల్లీ చివర టీ బండి దగ్గరికి నడిచాం. చుట్టూ పిల్లలు గ్లాసులు పట్టుకుని పోస్టుల సంఖ్యల గురించి వాదించుకుంటున్నారు. మా ఇద్దరినీ ఎవరూ పట్టించుకోలేదు.

"అక్కలు నీ మంచికే అడిగిండ్రు" అన్నాను.

"నాకు అక్కల మీద కోపం లేదు."

"మరి నా మీదనా?"

ఆమె టీ మీద మీగడ ఊదింది. "దేవునికి గూడ చెప్పని మాట అది, అత్తమ్మ. నీకు చెప్పిన."

"నువ్వు చెప్పకుంటే దేవునికి తెల్వదా?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"తెలుస్తది. కని ఆయన ఎవ్వలకు చెప్పడు గద."

 టీ చల్లారిపోయింది. బాక్సు ఆమె చేతిలో పెట్టాను. "బాక్సు తర్వాత ఇస్త" అని తీసుకుంది. అదొక్కటే నాకు ధైర్యమైంది. బాక్సు ఇవ్వడానికైనా రావాలి.

ఇంటికి నడుస్తుంటే దీపాలు వెలిగాయి. మామూలుగా ఆ దారిలో నాలో నేను పాట పాడుకుంటాను. ఆ రోజు పాట రాలేదు. కళ్ళు తెరుచుకునే నడుస్తున్నా, ఎదురుగా ఎవరూ లేనట్టే ఉంది. ఆ పిల్ల చెప్పింది ఇదేనేమో అనిపించింది. నాకు భయమేసింది. కానీ చిత్రంగా, ఆమెకు కాస్త దగ్గరగా వచ్చినట్టు కూడా ఉంది.

తెల్లారి డబ్బా మూత తీసినప్పుడు అమ్మ గుర్తొచ్చింది. గింజలకు ఎరుకే, పో. అంత నవ్వుతూ అమ్మ ఎందరి కష్టాలు ఆ డబ్బాలో వేసి మూత బిగించిందో! ఊళ్ళో ఎవరికీ తెలియదు. నేను మూత తీసి అందరి ముందూ కుమ్మరించాను. ఆ గురువారం సమాజంలో నా వంతు వచ్చినప్పుడు "నాకేం లేదక్కా, ముందుకు పోనియ్యండి" అన్నాను. అందరూ నా వైపు వింతగా చూశారు. గొంతు పెద్దావిడ మళ్ళీ అడగబోయింది కూడా. నాలుక కొరుక్కుని కూర్చున్నాను. అంత కష్టమైన ప్రార్థన నేనెప్పుడూ చేయలేదు.

బాక్సు ఇవ్వడానికి ఆమె వచ్చింది. ఆదివారం కాదు, ఏదో మామూలు రోజు సాయంత్రం. ఆ తర్వాత అప్పుడప్పుడూ వచ్చేది. చర్చి మాట ఆమె ఎత్తలేదు, నేను ఎత్తలేదు. భోజనానికి ముందు నా ప్రార్థన నేను చిన్నగా చేసుకునేదాన్ని, ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని నేను ముగించేదాకా ఆగేది. ఏమైనా చెప్పాలని నా ప్రాణం కొట్టుకునేది. ఒక్క వాక్యం చెప్పనా, ఒక్క సాక్ష్యం చెప్పనా అని నోటిదాకా వచ్చేది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగి మింగేసేదాన్ని. నా మేనకోడలికి దేవుణ్ణి గురించి ఏమీ చెప్పకుండా గడిపిన ఆ నెలల్లో ఆమె పరీక్షల గురించి, ఊరి గురించి, హాస్టల్లో పక్కమంచం పిల్ల ఏడుపు గురించి, నేను ఎన్నో విన్నాను. ఆమె మాట్లాడుతుంటే నేను వినగలనని నాకు అప్పటిదాకా తెలియదు. విన్నవేవీ ఎవరికీ చెప్పలేదు.

వానాకాలం వచ్చింది. ముసురు పట్టిన రోజుల్లో నాకు జ్వరం తగిలింది. మందులేసుకుని కిటికీ దగ్గరి మంచం మీద పడ్డాను. కళ్ళు మూస్తే ఊరు, తెరిస్తే చిక్కడపల్లి. వాన రేకుల మీద పడుతోంది, ఏ రేకులో తెలియదు, మా ఇంటి పైకప్పు కాంక్రీటుది. మార్కెట్లో కొత్తిమీర కట్టలమ్మే గొంతు, మా ఊరి చర్చిలో డప్పు మీద పాట, రెండూ కలిసిపోయి వినిపించాయి. ఓనరమ్మ పైకొచ్చి నా నుదురు పట్టుకుని చూసింది. "పిల్లకు ఫోన్ చేస్త" అంది. వద్దు, చదువుకోనీ అన్నాననుకున్నాను. అన్నానో లేదో.

ఎప్పుడొచ్చిందో పిల్ల వచ్చింది. తడిసిన గొడుగు వాసన, తల మీద చల్లటి గుడ్డ. "ఏమన్న తిన్నవా?" అంది. నేను చెయ్యి ఊపాను. "మెత్తగ అన్నం వండుత. చారు పోసుకుని జరంత తిను." అడుగుల చప్పుడు వంటింట్లోకి వెళ్ళింది.

నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. మళ్ళీ ఊరికి వెళ్ళిపోయాను. బియ్యం పీపా మూత తీసిన చప్పుడు. గ్లాసుతో కొలిచి గిన్నెలో పోసిన చప్పుడు. ఇక నల్లా తిప్పిన చప్పుడు రావాలి. రాలేదు. వానొక్కటే పడుతోంది.

టక్.

అమ్మ వచ్చింది అనుకున్నాను. చెంచా కాడతో మూత ఎత్తింది. గింజలు జారాయి. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం అమ్మదానికంటే పొడుగ్గా ఉంది. మాటలు దొరకని మనిషి మాటలు వెతుక్కుంటున్నంత పొడుగ్గా ఉంది. నేను ఊపిరి కూడా మెల్లగా పీల్చాను. జ్వరం ఇంకాసేపు ఉన్నా పర్వాలేదు, ఇది కల అయితే మాత్రం నన్ను లేపొద్దు అనుకున్నాను.

నల్లా తిరిగింది. కళ్ళు తెరిచాను. వంటింటి గుమ్మంలోంచి ఆమె వీపు కనిపిస్తోంది, జుట్టు ముడి, అందులో పెన్ను. బియ్యం కడుగుతోంది.  అడగకుండా ఉండాల్సింది. ఎన్ని నెలలు నోరు కట్టుకున్నాను! కానీ జ్వరం కదా, నోరు నా మాట వినలేదు.

"ఎవల పేరు అనుకున్నవ్ బిడ్డా?"

ఆమె వెనక్కి తిరగలేదు. "చెప్పను. నీకు చెప్తే గురువారం అందరికీ తెలుస్తది."

నవ్వు వచ్చింది. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గితే కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళు దగ్గువి కావని ఇద్దరికీ తెలుసు. "వద్దు, చెప్పకు" అన్నాను. "ఎవ్వలకు చెప్పకు."

పొయ్యి వెలిగింది. గిన్నె పెట్టిన చప్పుడు, చారుకు పోపు ఘాటు. కిటికీ బయట వాన తగ్గుముఖం పట్టింది. పెద్దరికం నిలుపుకోవడానికన్నట్టు అడిగాను.

"డబ్బా మూత మంచిగ బిగించినవా? లేకుంటే పురుగు పడ్తది."

"బిగించిన అత్తమ్మ" అంది. "మరీ గట్టిగ బిగియ్యలే. రేపు మళ్ళ నేనే తియ్యాలె గద."